గడియారం వెనక మూత

"ఆగ్తలేదమ్మా. అదే గద నేను జెప్పేది. చెవి కాడ పెట్టుకో, నువ్వే ఇను."

తాయవ్వ తడిసిన కొంగుల కెల్లి చిన్న గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టింది. ముడి ఇప్పలే. ఒక్క ఏలితోని హేబ్సిబా దిక్కు నూకి, కాలే పెనం ముట్టినట్టు చెయ్యి ఎన్కకు తీస్కున్నది.

"ఎవరిదవ్వా?" అన్నది హేబ్సిబా, తల ఎత్తకుంట.

"ఎవరిదేంది? మా ఆయనది. రైలు లైను మీద పనిజేసే పీరప్పది. మాఘంల నీ కాడికే గద తెచ్చిండు, నూనె పెట్టిస్తనని. పచ్చిశెనగల కట్ట గూడ ఇచ్చిండంట నీకు. మర్శినవా?"

మరువలే. ఆ శెనగలు హేబ్సిబా నోట్లె పెట్టుకోలే. పక్కింటి మేకకు ఏసింది.

బీదర్‌ల చౌబారా బురుజు ఎన్క సందుల ఉంటది ఆ దుకాణం. చేతులు చాపితే రెండు గోడలు అందుతయ్. బోర్డు మీద ఇంకా నాయన పేరే, జీవరాజ్ వాచ్ రిపేర్ అని. ఆరో తరగతిల బడి ఇడిసిన పిల్ల, నాయన పక్కన స్టూలేసుకొని పని నేర్సుకున్నది. నాయన పోయినంక ఆ కుర్సీల తనే కూసున్నది. మనుషులతోని మాట్లాడాల్నంటే ఆమెకు నోరు పెగలదు. చెయ్యి మాత్రం... చీమ కాలుకు చెప్పు తొడగమన్నా తొడుగుతది ఆ చెయ్యి.

మాటలన్ని మొగుడు సాల్మన్‌వి. ఫోన్ల గ్రూపు పెట్టి హైద్రాబాద్, పూనా దాంక గడియారాల పిచ్చోళ్లను జమ చేసిండు. పెద్ద కంపెనీల వాచీ కొనే తాకత్ ఉండదు, గని గసుంటిదే చేతికుండాల్నని కలవరిస్తుంటరు వాళ్లు. చైనా కెల్లి వాచీ పై డబ్బా వస్తది, డయలు వస్తది, ముండ్లు వస్తయ్, లోపల నడిచే మిషిన్ వస్తది. అన్ని జోడిచ్చి, ముండ్లకు రేడియం పూసి, అద్దం బిగిచ్చేది హేబ్సిబా. ఎవరన్న 'కాపీ వాచీలు' అన్నరా, సాల్మన్‌కు ఎక్కడలేని కోపం. "రూపం తీస్కొని పేరు గూడ దొంగతనం జేస్తే అది రెప్లికా. రూపం తీస్కొని పేరు మనది పెట్టుకుంటే అది హోమేజ్. మేం దొంగలం కాదు భాయ్" అని గల్లీల నిలబడి క్లాసు పీకుతడు.

ఆ దినం సాల్మన్ లేడు. తయారైన వాచీ ఒక సారుకు ఇచ్చొస్తనని దోస్తు నవనాథ్ బండెక్కి భాల్కి పోయిండు. బైట ముసురు. మూడు గొట్టకముందే సందంత పొద్దుమీకినట్టయింది. వాన జల్లు లోపలికి కొడ్తాంటే హేబ్సిబా షట్టర్ సగం దించింది.

"మూట ఇప్పు బిడ్డా" అన్నది తాయవ్వ.

ఇప్పింది. టిక్ టిక్ టిక్... గట్టిగ, సాపుగ, జోరుగ నడుస్తాంది.

"ఆయన పోయి రెండు నెల్లు దాటింది" తాయవ్వ గొంతు దించింది. "లైను మీది తోటోళ్లు ఇది తెచ్చిచ్చిన కాడికెల్లి సందూకుల పెట్టి తాళమేసిన. ఎవలు ముట్టలే. రోజు పొద్దుగాల అయిదింటికి సందూకుల కెల్లి కర్ర్... కర్ర్... అని చప్పుడు. చావి ఇస్తున్నట్టు. నేను లెక్కవెట్టిన బిడ్డా. ముప్పై చుట్లు. బతికున్నప్పుడు గూడ ముప్పయ్యే ఇచ్చేటోడు. మీ ఆయనే జెప్పిండంట గదా."

హేబ్సిబా గడియారాన్ని బోర్లేసింది.

చెప్పిండు. సాల్మనే చెప్పిండు.

పీరప్ప గడియారం, ఆయన అన్న సౌదీ కెల్లి తెచ్చిచ్చిన ఆటోమేటిక్. చావి ఇచ్చే పనే లేదు. లోపల రోటర్ ఉంటది, చెయ్యి ఊగితే అది తిరుగుతది, అదే స్ప్రింగును చుడుతది. పాత జపాన్ మిషిన్. మాఘంల హేబ్సిబా మూత ఇప్పంగనే, సాల్మన్ భుజం మీదికెల్లి సూసిండు. సూసినోడు సూసినట్టే ఉండిపోయిండు.

"గిసుంటి మిషిన్ ఇప్పుడు దొర్కదు హేబ్సీ. నా కోసం చేస్తున్న వాచీల గిదే పెట్టు. ముసలాయనకు ఏముంది, టైం ఎంతైందో తెలిస్తె చాలు."

"తప్పయితది" అన్నది ఆమె. రెండు దినాలు గదే అన్నది. రెండు దినాలు సాల్మన్ అన్నం మీద అలిగి పండుకున్నడు. మూడో దినం హేబ్సిబా మిషిన్ తీసింది. గల్లపెట్టెల పడున్న పాత చావి మిషిన్ దాని జాగల బిగిచ్చింది. ఆ తీసిన మిషిన్ సాల్మన్ వాచీల ఎక్కింది. నల్ల డయలు, తిరిగే రింగు, అచ్చం సముద్రంల దునికేటోళ్లు కట్టుకునేది. అప్పటికెల్లి అది ఆయన చేతికే ఉంది. పీరప్ప వస్తె సాల్మన్ నవ్వుకుంట చెప్పిండు, "మామా, నీ మిషిన్ ముసల్దైంది. ఇగ రోజు పొద్దుగాల చావి ఇయ్యాలె. ముప్పై చుట్లు, మర్వకు."

"గట్లనే బిడ్డా" అన్నడు పీరప్ప. శెనగల కట్ట హేబ్సిబా ముంగట పెట్టి పోయిండు.

ఇంకోటి గూడ జరిగింది ఆ దినం. అది సాల్మన్‌కు గూడ ఎరుకలేదు.

గడియారం పనోళ్లకు ఒక రివాజు ఉంటది. పని అయినంక వెనక మూత లోపటి దిక్కు సూదితోని తారీఖు, తన అక్షరం గీకుతరు. గిరాకీకి అది కనబడదు. రేపు ఇంకో పనోడు మూత ఇప్పితె, దీన్ల చెయ్యి పెట్టింది ఎవరో ఎరుకైతది. నాయన ఎప్పుడు అంటుండె, "నోటితోని ఎన్ని జెప్పినా మూతల మాత్రం నిజమే రాయాలె బిడ్డా. ఎవరు జేస్తె వాళ్ల అక్షరం." ఆయన జీ అని గీకేటోడు. హేబ్సిబా హే అని గీకుతది.

పీరప్ప గడియారం మూతల ఆమె హే గీకలే. కోపంల ఉండె. ఈ తప్పు పని చేపిచ్చినోడే మోయనీ అనుకున్నది. 12-2 అని తారీఖు వేసి, పక్కన సా అని గీకింది. సాల్మన్ సా.

"ఆ దినం ఏమైందో ఎరుకనా?" తాయవ్వ చెప్తనే ఉంది. "లైను మీద నట్లు బిగిస్తుండంట. తోటోళ్లు గట్టు మీదికెల్లి అర్సిండ్రట, బండొచ్చే టైమైంది ఇవతలికి రా అని. ఈయన చెయ్యెత్తి గడియారం సూపిచ్చిండట. ఇంకా ఉంది, ఇంకా ఉంది అని... ఆ గడియారం ఎనకబడ్డదని ఆయనకేమెరుక? దాన్ని ఖరాబ్ చేసినోడు ఎవడోగని, మా ఆయన వాణ్ణి ఇడువడు. బతికున్నప్పుడు గూడ గంతే. పట్టు పట్టిండంటె ఇడువడు."

హేబ్సిబా చెయ్యి తనంతట తనే మూత ఇప్పే తాళం పట్టుకున్నది. తిప్పింది. మూత ఊడొచ్చింది. బోర్లేసి దీపం కిందికి పట్టి, కంటికి అద్దం పెట్టుకున్నది.

జీ ఉంది, రెండు తారీఖులతోని. దాని కింద 12-2, సా. తన చేతిరాత.

దాని కింద ఇంకో వరస.

18-7. పీ.

సూదితోని గీకింది కాదది. మొద్దు మొలతోనో, కంకర రాయితోనో తొవ్వినట్టుంది. అక్షరం వంకరగ, చిన్న పిల్లల రాత లెక్క.

"అవ్వా... పీరప్ప మామ పోయిన తారీఖేంది?"

"జులాయి పద్దెనిమిది. ఎందుకు?"

"మూత ఎవలన్న ఇప్పిండ్రా?"

"సందూకుల ఉన్నదాన్ని ఎవలిప్పుతరు?"

"ఆయన రాస్తుండెనా?"

తాయవ్వ వింతగ సూసింది. "ఆయనకు అంకెలే ఎరుక. అక్షరం ముక్క రాదు. యేలుముద్రనే జీతం కాడ."

హేబ్సిబా మళ్ల వొంగింది. పీ కింద ఇంకోటి ఉంది. ఇందాక లేదు... ఉండెనో, సూడలేదో. 22-9. ఈ దినమే. పక్కన సా. గీకిన చోట లోహం పొడి ఇంకా మెరుస్తాంది. ఏలు పెడితె అంటుకున్నది. ఎచ్చగ ఉంది.

"ఆపి, నీ కాడనే పెట్టుకో బిడ్డా. నాకొద్దు" అన్నది తాయవ్వ. "బస్సు పోతది." వొంగి షట్టర్ కింది కెల్లి వానలకు పోయింది.

హేబ్సిబా ఒక్కతే మిగిలింది.

మొదలు మిషిన్ ఆపుదామనుకున్నది. డబ్బాల కెల్లి బైటికి తీసి పళ్లెంల పెట్టింది. నడుస్తాంది. స్ప్రింగు బలం వొదిలిచ్చింది. బలం ఉంటె చావి గిర్రున ఎన్కకు తిరగాలె. తిరగలే. స్ప్రింగుల ఏం లేదు, ఎప్పుడో వట్టిపోయింది. అయినా నడుస్తాంది. సన్న పట్టకారు చిమటాతోని ఊగే చక్రాన్ని పట్టుకున్నది. ఆగింది. ఇడిసింది.

టిక్ టిక్ టిక్...

సాల్మన్‌కు ఫోన్ కొట్టింది.

"ఏంది హేబ్సీ, దుకాణంల ఊసుపోతలేదా?" గాలి చప్పుడు, బండి చప్పుడు. "వస్తున్నం. నవనాథ్‌గాడు నత్త లెక్క నడుపుతుండు."

"నేను నత్తనా? వానల నువ్వు నడుపు మరి" అని నవనాథ్ కేకేసిండు పక్కకెల్లి.

"చేతి వాచీ తియ్యి" అన్నది హేబ్సిబా. "ఇప్పుడే తియ్యి. జేబుల పెట్టుకో. దాని మిషిన్ మళ్ల పీరప్ప మామ దాంట్ల బిగిస్త."

సాల్మన్ నవ్విండు. "పీరప్ప మామకు ఇప్పుడు టైం ఎందుకే?"

"తియ్యి అంటున్న!"

ఆమె గొంతు గట్ల లేసుడు ఆయన ఎన్నడు ఇనలే. నవ్వు ఆపి జెర మెల్లగ అన్నడు, "పొద్దటి సంది సూస్తున్న. వాచీ పట్టా ఊడ్తలేదు. చెయ్యి వాసిందో ఏమో... ఎవరో మణికట్టు పట్టుకున్నట్టు గుంజుతాంది. ఇంటికొచ్చినంక కోస్తం తియ్."

"కత్తితోని ఇప్పుడే కొయ్యి."

"రైలు గేటు పడ్డది ఇక్కడ. బండి రాలే ఇంక. ఆగినం..." ఫోన్ కటయింది. మళ్ల కొడితె కలువలే.

అప్పుడే కరెంటు పోయింది.

షట్టర్ కింద జానెడు బూడిద రంగు వెలుతురు. లోపల ఏం కనబడ్తలేదు. పళ్లెంల ఆరబెట్టిన ముండ్లు మాత్రం పచ్చగ మిణుకుతున్నయ్, పది జతలు, గాలిల తేలుతున్నట్టు. ఫోన్ల టార్చి పెట్టొచ్చు. పెట్టలే. పెడితె ఏం కనబడ్తదోనని.

వాసన ముందొచ్చింది. తడిసిన కంకర. తుప్పు. నల్ల గ్రీసు. దాని ఎంబడి బీడీ పొగ.

తర్వాత చప్పుడు. రాళ్ల మీద చెప్పులు నడిచినట్టు... కరక్... కరక్... సందుల కంకర లేదు. సందుల నాపరాళ్లు.

షట్టర్ కాడ ఆగింది.

బల్ల అవతల గిరాకీలు కూసునే స్టూలు కిర్రుమన్నది.

హేబ్సిబా ఊపిరి బిగబట్టింది. ముండ్లు బిగిచ్చేటప్పుడు బిగబట్టినట్టు.

"అయ్యిందా బిడ్డా?"

గొంతు మెత్తగ ఉంది. మాఘంల అడిగినట్టే అడిగిండు. గిరాకీ ఎవరైనా అడిగే మాటే.

"ఇంకా..." అన్నది హేబ్సిబా. "ఇంకా కాలే మామా."

"గట్లనే. కూసుంట."

కూసున్నడు. చీకట్ల ఊపిరి చప్పుడు లేదు. వాన చప్పుడు, పళ్లెంల మిషిన్ చప్పుడు, గంతే.

ఆమెకు అప్పుడు ఎరుకైంది ఏం జెయ్యాల్నో. సూది పక్కనే ఉంది. మూత చేతిలనే ఉంది. 12-2 పక్కనున్న సా కొట్టేసి హే గీకాలె. రెండు గీతలు, ఒక వంపు. మిషిన్ తీసిన చెయ్యి ఇదే మామా, ఆయనది కాదు అని మూతకు చెప్పాలె. మూతల రాసిందే ఈయన సదువుకున్నడు. మూతల అక్షరం ఉన్నోని ఎంబడే పడ్డడు.

సూది పట్టుకున్నది. తడిమి సా మీద పెట్టింది. ఒక గీత గీకింది. క్రీక్ మన్నది.

బల్ల అవతల స్టూలు మెల్లగ ముంగటికి జరిగింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

చీమ కాలుకు చెప్పు తొడిగే చెయ్యి... గీత మీదనే ఆగిపోయింది. మొదటిసారి ఆగిపోయింది. గేటు కాడ నవనాథ్ ఉన్నడు గద అనుకున్నది. నలుగురుంటరు గద. అరగంటల ఇంటికొస్తడు, మిషిన్ తీసి ఇచ్చేస్త, గంతే గద. నన్ను నేను ఎందుకు పట్టిచ్చుకోవాలె...

సూది కింద పెట్టింది.

"ఏం లేదు మామా."

నవ్వినట్టు వినబడ్డది. దగ్గినట్టు గూడ. దూరంగ, చాన దూరంగ, రైలు కూత ఒకటి లేసింది. బీదర్ స్టేషన్‌దో, ఎక్కడిదో. లేసింది లేసినట్టే ఆగిపోయింది.

పళ్లెంల టిక్ టిక్ ఆగింది.

దాని జాగల ఇంకో చప్పుడు. జుయ్... జుయ్... ఆ చప్పుడు ఆమెకు బాగ ఎరుక. చెయ్యి ఊగుతుంటె రోటర్ తిరిగే చప్పుడు. బల్ల మీదికెల్లి వస్తాంది. నడుచుకుంట పోతున్న మనిషి చెయ్యి లెక్క, ముంగటికి, ఎన్కకు... బల్ల కాడికెల్లి షట్టర్ దాంక పోయింది. మళ్ల బల్ల కాడికి వచ్చింది. ఆగింది.

కరెంటొచ్చింది.

స్టూలు ఖాళీ. దాని మీద నల్ల గ్రీసు, నాలుగు కంకర రాళ్లు. తడిగ.

పళ్లెంల పాత చావి మిషిన్ పడి ఉంది, సచ్చి. ఖాళీగ ఉండాల్సిన పీరప్ప డబ్బా బల్ల నడుమ ఉంది. మూత బిగిచ్చి ఉంది. ఇప్పుడే గద ఆ మూత ఆమె చేతిల ఉండె. చేతిల సూస్తె ఏం లేదు.

లేపింది. బరువుగ ఉంది. లోపల రోటర్ జుయ్ మన్నది.

మూత ఇప్పింది. మాఘంల తన చేతులతోని తీసిన జపాన్ మిషిన్. ఆ దినం పేచ్‌కస్ జారి ఒక స్క్రూ తల మీద గీత పడ్డది. ఆ గీత ఉంది. మిషిన్ కిందికెల్లి, సందుల్ల కెల్లి, సన్నగ ఎర్రటి నీళ్లు ఊరుతున్నయ్.

మూత బోర్లేసింది. కంటికి అద్దం పెట్టుకున్నది.

22-9, సా. దాని మీద అడ్డంగ గీత, పని అయినట్టు. ఆమె గీకిన గీత కాదది.

దాని కింద 23-9. పక్కన అక్షరం లేదు. ఒక్క అక్షరం పట్టేంత జాగ మాత్రం ఇడిసిపెట్టి ఉంది.

ఎంతసేపు గట్ల కూసున్నదో ఆమెకే ఎరుకలేదు. షట్టర్ దడదడ కొట్టుకున్నది. నవనాథ్. నెత్తికెల్లి నీళ్లు కారుతున్నయ్, అంగీ సగం చినిగి ఉంది. లోపలికొచ్చి నేల మీదనే కూలబడ్డడు.

"వదినా... గేటు పడి ఉండె వదినా. బండి మీద నా ఎన్కనే కూసుండె. ఉన్నట్టుండి దిగిండు. చెయ్యి ముంగటికి చాపి నడుస్తుండు, ఎవడో మణికట్టు పట్టి గుంజుకపోతున్నట్టు. నేను ఉరికిన. అంగీ పట్టుకున్న. చినిగి నా చేతిలకొచ్చింది. పట్టాల మీద నిలబడి మాట్లాడుతుండు వదినా, పక్కన ఎవలో ఉన్నట్టు. రైలు కనబడ్తనే ఉంది. అన్నా రా, అన్నా రా అని మొత్తుకున్న..."

హేబ్సిబా డబ్బాను గుప్పిట్ల మూసుకున్నది.

"చేతికి వాచీ అట్లనే ఉంది. పట్టా ఊడలే. అద్దం పగల్లే. పోలీసాయన తీసి ఊపి సూసిండు, వట్టి డబ్బా వదినా, లోపల ఏం లేదన్నడు. మూత ఇప్పనే లేదు, మరి ఎట్ల..."

నవనాథ్ ముఖం తుడుసుకున్నడు. ఆమె దిక్కు సూడలే.

"ఆఖరికి నా దిక్కు తిరిగి, నీకు చెప్పుమన్నడు. నాకేం సమజ్ కాలే. ఆయన అన్నది అన్నట్టే చెప్తున్న.

'నవనాథ్, మిషిన్ పీరప్ప మామ వాపస్ తీస్కున్నడని హేబ్సీకి చెప్పు. అప్పుడు తీసిన చెయ్యి నీది కాదు, ఎవరిదో చెప్పు, చెప్పు అని నన్ను అడుగుతనే ఉన్నడు. నేను పేరు చెప్పలేదని చెప్పు.'"